ఎర్రర్ వచ్చింది.. కానీ వినపడలేదు

రాత్రి పదకొండు దాటింది. కోరుట్ల నుంచి ఫోన్.

"అన్నా, సబ్మిట్ ఒత్తుతున్న. ఏం మాట్లాడుతలేదు."

ఆ తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ పూర్తయింది. ల్యాప్‌టాప్‌లో స్క్రీన్ రీడర్ పెట్టుకుని నాకంటే వేగంగా టైప్ చేస్తాడు. ఆ రోజు ఒక ఉద్యోగ పరీక్ష దరఖాస్తుకు ఆఖరు రోజు. పన్నెండు లోపు ఫారం వెళ్లాలి. పేరు, చదువు, సర్టిఫికెట్లు, ఫొటో, సంతకం అన్నీ పెట్టేశాడు. సబ్మిట్ కొడితే ఫీజు పేజీ రావాలి. కొడుతూనే ఉన్నాడు. ఏమీ కావట్లేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఇంట్లో వాళ్లవీ, ఊళ్లో వాళ్లవీ కంప్యూటర్లు ఫోన్‌లోనే బాగుచేసి పెట్టడం అలవాటు. ఆ ధీమాతోనే అడిగా: "స్క్రీన్ మీద ఏం కనబడుతుంది రా?"

అటువైపు ఒక్క క్షణం చప్పుడు లేదు. "అన్నా.." అన్నాడు మెల్లగా.

నాలుక కరుచుకున్నా. కానీ నిజం ఒప్పుకోవాలి. ఆ తర్వాత అరగంటసేపు నేను అడిగినవన్నీ అదే ప్రశ్నకు వేరే వేషాలు. "పైన ఏమన్నా ఎర్రగా వచ్చిందా?", "కుడిపక్క మూలకు ఏముంది?", "గుండ్రంగా ఏమన్నా తిరుగుతుందా?" వాళ్లమ్మ బీడీల చాట పక్కన పెట్టి వచ్చి చూసింది. ఆమెకు ఇంగ్లిష్ చదవరాదు. "ఎర్రగ ఏందో రాసుంది బిడ్డా" అంది. ఏం రాసుందో మా ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. వీడియో కాల్ చేద్దామని నాకు తట్టేసరికి పదకొండు యాభై. వాడి ల్యాప్‌టాప్‌కు నెట్ వచ్చేది అదే ఫోన్ హాట్‌స్పాట్ నుంచి. కాల్ కలిసేలోపే రెండూ ఆగిపోయాయి.

పన్నెండు దాటింది.

తెల్లారి వాడే ఫోన్ చేశాడు. రాత్రి పేజీ మూసెయ్యకుండా అట్లే ఉంచాడట. పొద్దున్నే మొదటి నుంచి చివరి దాకా కింది బాణం నొక్కుకుంటూ ఒక్కో లైను విన్నాడట. "ఫొటో కింద ఉందన్నా. 50 కేబీ దాటొద్దట. నాది 62 ఉంది."

పన్నెండు కేబీ. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ ఫొటోలో పదో వంతు కూడా ఉండదు. మళ్లీ నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగాల్సిందే.

ఆ ఎర్రర్ దాక్కోలేదు. ఎర్రటి అక్షరాల్లో పేజీ మధ్యలోనే ఉంది. చూసేవాళ్లకు మాత్రమే ఉంది. ఈ వారం మనం మాట్లాడుకునేది దాని గురించే. కంప్యూటర్‌ను చెవులతో నడిపేవాళ్లకు ఎర్రర్ వస్తే ఏం చెయ్యాలి? ఫోన్‌లో సాయం చేసే మనలాంటి వాళ్లు ఏం అడగాలి?

స్క్రీన్ రీడర్ ఎట్లా చదువుతుంది?

ముందు కొంచెం నేపథ్యం. స్క్రీన్ రీడర్ అంటే తెర మీదున్న రాతను మాటగా మార్చి వినిపించే సాఫ్ట్‌వేర్. అమెరికాకు చెందిన టెడ్ హెంటర్ అనే ఇంజినీర్ 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయాడు. తర్వాత ఆయన పెట్టిన కంపెనీ నుంచే ‘జాస్’ అనే స్క్రీన్ రీడర్ వచ్చింది. అది కొనాల్సిన సాఫ్ట్‌వేర్, ధర మన ఊళ్లలో చాలామందికి అందదు. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే కుర్రాడు, ‘చూపున్నవాడికి ఉచితంగా వచ్చే కంప్యూటర్‌కు నేనెందుకు అదనంగా డబ్బు కట్టాలి?’ అన్న ఆలోచనతో ఇంకొకటి రాయడం మొదలుపెట్టాడు. అతనికీ చూపు లేదు. చిన్నప్పుడు సంగీత శిబిరంలో పరిచయమైన జేమీ టెహ్ అతనితో కలిశాడు. ఆయనకూ చూపు లేదు. వాళ్లిద్దరూ చేసిందే ‘ఎన్‌వీడీఏ’. ఉచితం, ఓపెన్ సోర్స్. కోరుట్ల తమ్ముడు వాడేదీ అదే. విండోస్‌లోనే ‘నరేటర్’ అని ఇంకొకటి ముందే ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండేది ‘టాక్‌బ్యాక్’.

ఇవన్నీ ఎంత తెలివైనవైనా పనిచేసే తీరు ఒకటే. మనం పేజీని ఒక్కసారిగా చూస్తాం. ఎరుపు ఎక్కడుందో కన్ను ముందే పట్టేస్తుంది. స్క్రీన్ రీడర్ మాత్రం మీరు ఎక్కడ ఉంటే అక్కడిది చదువుతుంది. మీరు సబ్మిట్ బటన్ మీద ఉన్నారు, ఎర్రర్ పదిహేను లైన్ల పైన వచ్చింది. ‘ఇది ముఖ్యమైన మాట, వెంటనే చెప్పు’ అని ఆ పేజీ తయారుచేసినవాళ్లు కోడ్‌లో రాసుంటేనే అది చెబుతుంది. రాయకపోతే మౌనమే. వినేవాళ్లకు బటన్ పనిచేయనట్టు అనిపిస్తుంది. అందుకే మళ్లీ మళ్లీ నొక్కుతారు.

కాబట్టి మొదటి పాఠం ఇది. బటన్ నొక్కాక చప్పుడు లేదంటే బటన్ చెడిపోయిందని కాదు. ఎక్కడో ఏదో రాసి ఉందని అనుమానించాలి. దాన్ని వెతకాలి.

వెతకడానికి లైను లైను వినాల్సిన పనిలేదు. ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్ గానీ, సెట్టింగ్స్‌లో పెట్టుకుంటే క్యాప్స్‌లాక్ గానీ ‘ఎన్‌వీడీఏ కీ’గా పనిచేస్తుంది. వెబ్ పేజీలో ఆ కీతో పాటు కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే వెతికే పెట్టె వస్తుంది. ఎర్రర్‌లలో ఎక్కువగా కనిపించే మాటలు నాలుగే: ‘ఎర్రర్’, ‘ఇన్‌వాలిడ్’, ‘రిక్వైర్డ్’, ‘ప్లీజ్’. వీటిని ఇంగ్లిష్‌లో ఒక్కొక్కటిగా కొట్టి చూడాలి. ఫొటోలు, సర్టిఫికెట్లు పెట్టే ఫారం అయితే ‘కేబీ’ అని కూడా వెతకాలి. తర్వాతి చోటుకు పోవాలంటే ఎన్‌వీడీఏ కీతో ఎఫ్3. ఇంకో దారి కూడా ఉంది. ఎఫ్ అక్షరం నొక్కుతూ పోతే ఫారంలోని గడులు ఒక్కొక్కటే వస్తాయి. సైట్ సరిగా రాసినవాళ్లదైతే తప్పున్న గడి దగ్గర ‘ఇన్‌వాలిడ్ ఎంట్రీ’ అని వినిపిస్తుంది. ఈ ఒంటి అక్షరాలు పనిచేయకుండా గడిలో టైప్ అవుతుంటే ఎన్‌వీడీఏ కీతో స్పేస్ నొక్కి చదివే పద్ధతికి మారాలి.

ఇంత చెప్తున్నానుగానీ, ఆ రాత్రి ఇందులో ఒక్కటీ నాకు తెలియదు. తెలిసుంటే రెండు నిమిషాల పని.

జగిత్యాల: గొంతే పోయిన కంప్యూటర్

ఆ సంగతి నలుగురికి చెప్పాక జగిత్యాలలో ఒక మిత్రుడు తన కథ చెప్పాడు. ఆయనకు డిగ్రీలో ఉన్నప్పుడు చూపు పోయింది. ఒక చిన్న ఆఫీసులో పని. అక్కడి కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ లేదు. పెన్‌డ్రైవ్‌లో ఎన్‌వీడీఏ పోర్టబుల్ కాపీ జేబులో పెట్టుకుని పోతాడు. గుచ్చితే పనిచేస్తుంది, తీస్తే పోతుంది. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఒకరోజు స్కానర్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే ఉన్నట్టుండి గొంతు ఆగిపోయింది. ఏ కీ నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని తీసి మళ్లీ పెట్టాడు. చివరికి పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాడు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే చోట అదే మౌనం.

అది చెడిపోవడం కాదు. ఏదైనా సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు ‘ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా?’ అని విండోస్ ఒక ప్రశ్న అడుగుతుంది, గుర్తుందా? తెరంతా మసకబారి ఆ ఒక్క పెట్టే వస్తుంది. భద్రత కోసం ఆ తెరను విండోస్ మిగతా ప్రోగ్రాములకు అందకుండా వేరుగా ఉంచుతుంది. పెన్‌డ్రైవ్‌లోంచి నడిచే ఎన్‌వీడీఏకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్న ఎన్‌వీడీఏ అయితే అక్కడ కూడా మాట్లాడుతుంది.

అందుకే సెటప్ నడుస్తుండగా గొంతు ఆగితే ముందు ఎస్కేప్ నొక్కి చూడండి. గొంతు తిరిగి వస్తే అది అనుమతి అడిగే పెట్టే అన్నమాట. ఆ సెటప్ మీరే మొదలుపెట్టారని గట్టి నమ్మకం ఉంటే, మళ్లీ నడిపి ఆ మౌనం రాగానే ఆల్ట్‌తో వై నొక్కితే ‘యస్’ అన్నట్టు. నమ్మకం లేకపోతే వినకుండా ‘సరే’ అనొద్దు. సొంత కంప్యూటర్ అయితే ఎన్‌వీడీఏను ఇన్‌స్టాల్ చేసుకోవడమే మేలు.

మౌనం వేరే కారణాలతో కూడా వస్తుంది. ఆ మిత్రుడూ నేనూ కూర్చుని ఒక వరుస రాసుకున్నాం.

ఒకటి: విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి. నరేటర్ మాట్లాడితే కంప్యూటరూ, స్పీకరూ రెండూ బాగున్నట్టు. తప్పు ఎన్‌వీడీఏ దగ్గరే ఉంది. అవే కీలు మళ్లీ నొక్కితే నరేటర్ ఆగుతుంది.

రెండు: నరేటర్ కూడా మాట్లాడకపోతే శబ్దం వేరే దారి పట్టి ఉండొచ్చు. పక్క గదిలో ఆన్ చేసి వదిలేసిన బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లోకి పోతుందేమో చూడండి. నవ్వొస్తుందిగానీ చాలాసార్లు సంగతి ఇదే.

మూడు: ఎన్‌వీడీఏ కీతో ఎస్ పొరపాటున తగిలితే మాట ఆగిపోతుంది, లేదా బీప్‌లు మాత్రమే వస్తాయి. మాట తిరిగొచ్చేదాకా అదే మళ్లీ నొక్కండి.

నాలుగు: ఇన్‌స్టాల్ చేసిన ఎన్‌వీడీఏ అయితే కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే తిరిగి మొదలవుతుంది.

పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం ఇవన్నీ అయ్యాకే.

ఇంకో మౌనం మన తెలుగు వాళ్లకు ప్రత్యేకం. పెట్టుకున్న గొంతుకు తెలుగు రాకపోతే, తెలుగులో వచ్చిన హెచ్చరికను చాలా గొంతులు చదవకుండా దాటేస్తాయి. ఎన్‌వీడీఏతో పాటే వచ్చే ‘ఈస్పీక్’ గొంతుకు తెలుగు వచ్చు. ఉచ్చారణ కొంచెం మరమనిషిలా ఉంటుందిగానీ మాటైతే మింగేయదు. పాత అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు మాత్రం ఏ గొంతుకూ లొంగవు. తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది, లోపల ఉండేది వేరే అక్షరాల గందరగోళం.

సిరిసిల్ల: సాంచెల చప్పుడులో ఒక నంబర్

సిరిసిల్లలో సాంచెలు నడిచే ఇంటికి ఎప్పుడైనా వెళ్లారా? పక్కనున్న మనిషి మాట వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. అలాంటి ఇంట్లో, గోడకు అవతల సాంచెలు ఆడుతుంటే, ఒక చెల్లె స్క్రీన్ రీడర్‌తో బీకాం చదువుతోంది. ఎర్రర్ పెట్టె వస్తుంది. ఎన్‌వీడీఏ ఒక్కసారి చదువుతుంది. అప్పుడే సాంచె చప్పుడు మీద పడుతుంది. చివర ‘ఓకే బటన్’ అన్నది ఒక్కటే చెవిన పడుతుంది. చాలామంది చేసేదే తనూ చేసేది. ఓకే కొట్టేసేది. ఎర్రర్ పోయేది, సమస్య ఉండేది.

"ఏం ఎర్రర్ వచ్చింది చెల్లే?" అని అడిగితే, "ఏందో ఎనభై మిలియన్లు అన్నదన్నా" అంది.

నాకు అర్థం కావడానికి టైమ్ పట్టింది. అది 0ఎక్స్80070005. మనం అంకెలుగా చూసేదాన్ని ఆ గొంతు ఒకే పెద్ద సంఖ్యగా, ‘ఎనభై మిలియన్ల డెబ్బై వేల ఐదు’ అని చదివింది.

ఇక్కడ పాఠం: ఓకే కొట్టే ముందు ఆగండి. ఎర్రర్ పెట్టె మూసేదాకా మీ చేతిలోనే ఉంటుంది.

ఎన్‌వీడీఏ కీతో బి నొక్కితే ఆ పెట్టెలో ఉన్నదంతా మొదటి నుంచి మళ్లీ చదువుతుంది. టి నొక్కితే పెట్టె పేరు చెబుతుంది. ఏ ప్రోగ్రామ్ గొడవ చేస్తుందో చాలాసార్లు ఆ పేరులోనే తెలిసిపోతుంది. విండోస్ మామూలు ఎర్రర్ పెట్టెల్లో చాలామందికి తెలియని సదుపాయం ఒకటుంది. ఏమీ సెలెక్ట్ చేయకుండా కంట్రోల్ సి నొక్కితే పెట్టె పేరు, లోపలి మాట, బటన్లు అన్నీ కాపీ అయిపోతాయి. నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసుకుని కుడి బాణం నొక్కుతూ పోతే ఒక్కో అంకె విడిగా వినొచ్చు. అదే వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు స్క్రీన్‌షాట్ కూడా అక్కర్లేదు. స్క్రీన్‌షాట్ కంటే ఇదే మేలు, సగం కత్తిరించిన ఫొటో పంపే బాధ ఉండదు.

పెట్టె మాయమయ్యాక గుర్తొచ్చిందా? ఎన్‌వీడీఏ కొత్త వెర్షన్లలో ఎన్‌వీడీఏ కీతో ఎక్స్ నొక్కితే చివరి మాట మళ్లీ చెబుతుంది. నరేటర్‌లో క్యాప్స్‌లాక్‌తో ఎక్స్. జాస్‌లో ఇన్సర్ట్‌తో స్పేస్ నొక్కి, వదిలి, హెచ్ నొక్కితే అంతకుముందు మాట్లాడిన మాటల జాబితానే వస్తుంది. ఫోన్‌లో టాక్‌బ్యాక్ మెనూలో చివరి మాటను మళ్లీ వినే, అక్షరం అక్షరం వినే, కాపీ చేసే ఏర్పాట్లున్నాయి. తెర కింద రెండు సెకన్లు మెరిసి పోయే చిన్న సందేశాలకు ఇదే మందు.

ఇక ఆ నంబర్ల సంగతి. 80070005 అంటే ‘అనుమతి లేదు’ అని. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే చాలాసార్లు సరిపోతుంది. చివర 0070 ఉంటే డిస్క్‌లో జాగా లేదు. చివర 0002 ఉంటే వెతుకుతున్న ఫైల్ దొరకలేదు. ఆ చెల్లె సమస్య మొదటిది. రైట్ క్లిక్ మెనూలోంచి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపింది, ఎక్కింది. రెండు వారాలుగా ఓకే కొడుతూ వచ్చిన పని ఐదు నిమిషాల్లో అయిపోయింది.

ఇవన్నీ చేసినా తేలకపోతే ఎన్‌వీడీఏ కీతో ఎఫ్1 నొక్కండి. లాగ్ తెరుచుకుంటుంది. తెలిసినవాళ్లకు పంపితే కారణం పట్టుకోవడం తేలిక. ఒక్క జాగ్రత్త: లాగ్ స్థాయిని ‘ఇన్‌పుట్ అవుట్‌పుట్’ అని పెడితే మీరు నొక్కిన కీలు కూడా అందులోకి ఎక్కుతాయి. అలా పెట్టి పాస్‌వర్డ్ టైప్ చేసి, ఆ లాగ్ ఎవరికీ పంపొద్దు.

అబద్ధం ఎర్రర్ కూడా అదే గొంతుతో

చూపున్నవాళ్లకు నకిలీ హెచ్చరికలు కొంతవరకు మొహం చూస్తేనే తెలుస్తాయి. వంకర లోగో, మిణుకుమనే రంగులు. చెవికి ఆ తేడా ఉండదు. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి’ అన్న మోసపు పేజీనీ, నిజమైన విండోస్ ఎర్రర్‌నూ స్క్రీన్ రీడర్ ఒకే గొంతుతో, ఒకే నిదానంతో చదువుతుంది.

గుర్తు పట్టే మార్గం ఉంది. ఎన్‌వీడీఏ కీతో టి నొక్కండి. చివర క్రోమ్ అనో, ఎడ్జ్ అనో బ్రౌజర్ పేరు వస్తే మీరు వింటున్నది ఒక వెబ్ పేజీ, విండోస్ కాదు. కంట్రోల్ డబ్ల్యూతో ట్యాబ్ మూసేయండి, లొంగకపోతే ఆల్ట్ ఎఫ్4. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ సందేశాల్లో ఫోన్ నంబర్ ఉండదు. ఉందంటే మోసమే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ‘నేను బాగుచేస్తా, ఈ యాప్ వేసుకో’ అని కంప్యూటర్‌ను దూరం నుంచి తమ చేతిలోకి తీసుకునే కొత్తవాళ్లతో ఇంకా జాగ్రత్త. ఎన్‌వీడీఏ 2025.1 నుంచి రిమోట్ సదుపాయం అందులోనే వచ్చింది. అది మంచి సాధనం. కానీ బాగా తెలిసినవాళ్లకే తాళం ఇవ్వాలి.

ఫోన్‌లో సాయం చేసేవాళ్లకు

ఇప్పుడు నేను ‘ఏం కనబడుతుంది’ అని అడగను. మూడే అడుగుతా. చివరగా ఏం నొక్కావు? ఆ తర్వాత ఏం విన్నావు? ఇప్పుడు టైటిల్ ఏం చెబుతుంది?

ఈ మూడింటితో సగం సమస్యలు తేలిపోతాయి. ‘మౌజ్‌తో అక్కడ క్లిక్ చెయ్’ అనడం మానేశా. వాళ్లు మౌజ్ వాడరు. ‘ఆకుపచ్చ బటన్’ అనడం మానేశా. బటన్ మీద రాసున్న మాట చెబుతా. ఇంకోటి, వాళ్ల స్క్రీన్ రీడర్ మాట్లాడుతుంటే నేను మాట్లాడను. రెండు గొంతులు ఒకేసారి చెవిలో పడితే రెండూ అర్థం కావు.

కంప్యూటర్ పూర్తిగా మూగబోయినప్పుడు, అంటే విండోస్ మొదలవ్వకుండానే ఎర్రర్ తెర వచ్చినప్పుడు, ఏ స్క్రీన్ రీడరూ పనిచేయదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. ఆ తెర వినేవాళ్లకు ఉత్త నిశ్శబ్దం. అప్పుడు ఫోన్ కెమెరానే కన్ను. ‘బీ మై ఐస్’, ‘సీయింగ్ ఏఐ’, గూగుల్ ‘లుకౌట్’ లాంటి యాప్‌లు తెర మీది రాతను చదివి చెబుతాయి. ఆ రాత్రి మాకు కావాల్సిందీ ఇదే. వాడి ఫోన్‌లో పెట్టుకోమని ముందే చెప్పి ఉండాల్సింది.

కోడ్ రాసేవాళ్లకు, అంటే నాకు

ఫారం పోయిన మర్నాడు ఆఫీసుకు వెళ్లి ఒక పని చేశా. రెండేళ్ల కింద నేను రాసిన ఫారం తెరిచి, ఎన్‌వీడీఏ పెట్టుకుని, మానిటర్ ఆపేసి, ఖాళీగా సబ్మిట్ కొట్టా.

మౌనం.

మళ్లీ కొట్టా. మౌనం. కోరుట్ల తమ్ముడు పన్నెండయ్యేదాకా విన్నది ఇదే. నేను ఆ రాత్రంతా ఎవడో రాసిన సైట్‌ను తిట్టుకున్నా. నాదీ అదే సైట్. తప్పు గడి చుట్టూ ఎర్ర గీత, దాని కింద ‘ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్’ అన్న రెండు మాటలు. ఎంతమంది నా ఫారం దగ్గర ఆగి వెనక్కి పోయారో నాకు తెలిసే మార్గం లేదు. వాళ్లు ఫిర్యాదు చెయ్యాలన్నా నింపాల్సింది ఇంకో ఫారమే కదా!

సరిచేయడానికి అరగంట పట్టింది. తప్పు రాగానే కర్సర్ మొదటి తప్పు గడికి వెళ్లేలా చేశా. ఎర్రర్ మాటను ఆ గడికి కోడ్‌లో ముడివేశా, గడి దగ్గరికి రాగానే అది కూడా వినపడుతుంది. పేజీ మారకుండా వచ్చే సందేశాలకు ‘రోల్ అలర్ట్’ పెట్టా, వెంటనే చదువుతుంది. చివరగా మాట మార్చా. ‘ఇన్‌వాలిడ్’ తీసేసి, ‘మీ ఫొటో 62 కేబీ ఉంది, 50 కేబీ లోపు ఉండాలి’ అన్నట్టు రాశా. ఈ చివరిది చూపున్నవాళ్లకూ పనికొచ్చింది.

ఇది కొత్త విద్యేం కాదు. వెబ్ సైట్ల ప్రమాణాల్లో, 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1లో, ఇదంతా రాసే ఉంది: తప్పును రాతలో చెప్పాలి, రంగు ఒక్కదానితో చెప్పొద్దు, స్థితి మారితే వినిపించాలి. అయినా వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో పది లక్షల హోమ్ పేజీలను పరీక్షిస్తే 95.9 శాతం వాటిలో ఇలాంటి లోపాలు బయటపడ్డాయి.

ఇది దయ చూపించే వ్యవహారమూ కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని న్యాయవాది అమర్ జైన్ వేసిన పిటిషన్ల మీద తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. 20 ఆదేశాలూ ఇచ్చింది. తీర్పు ఢిల్లీలో వచ్చింది. అది కోరుట్ల దాకా రావాలంటే మధ్యలో ఫారం రాసే మనిషి ఉండాలి.

జగిత్యాల జేఎన్‌టీయూలో గానీ, సిరిసిల్లలో గానీ, ఇంకెక్కడైనా గానీ బీటెక్ ప్రాజెక్టు చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సబ్మిట్ చేసే ముందు ఒక్కసారి మానిటర్ ఆపి మీ ప్రాజెక్టు నడిపి చూడండి. కోడ్ రాయనివాళ్లు ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి రోజూ వాడే ఒక యాప్‌లో పది నిమిషాలు తిరగండి. ఎట్లా ఆపాలో ముందే నేర్చుకోండి. చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లు కలిపి మూడు సెకన్లు పట్టుకునే షార్ట్‌కట్ ఉంటుంది, దాన్ని సెట్టింగ్స్‌లో ముందు ఆన్ చేసుకోండి. లేకపోతే ఆ రాత్రి నాకు ఫోన్ చేస్తారు.

కొన్ని నెలల తర్వాత మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది. ఈసారి ఆఖరు రోజు కాదు, మూడో రోజే కోరుట్ల నుంచి ఫోన్.

"అన్నా, మొబైల్ నంబర్‌ల ఒక అంకె తక్కువైందట. సరిచేసిన. ఫీజు గూడ కట్టిన."

"సైట్ బాగు చేశారా? చెప్పిందా?" అన్నా ఆశగా.

"యాడ చెప్తదన్నా! ఇప్పుడు గూడ ఏం మాట్లాడుతలేదు. ‘ఇన్‌వాలిడ్’ అని కొట్టి వెతికిన. యాడ దాచిపెడ్తదో నాకు ఎరుకైంది గదా."